సముద్ర గర్భంలో కాపలా



విశాఖపట్నం రామకృష్ణా బీచికి వెళ్ళినవారు అక్కడ ఒడ్డున నిలిపి ఉంచిన కుర్సురా అనే జలాంతర్గామిని చూసే ఉంటారు. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 2001లో సేవ విరమించింది. 2002 నుంచి టికెట్టు కొనుక్కుని లోపలికి పోయి చూసే ప్రదర్శనశాలగా ఉంటున్నది. 91 మీటర్ల పొడవున్నా, లోపల మాత్రం ఒకరు వస్తుంటే మరొకరు గోడకు ఒత్తుకుని నిలబడవలసినంత ఇరుకు. ఆ ఇరుకులో 75 మంది నెలల తరబడి కాపురం చేశారు.

ఈ కుర్సురాకు ఉన్న పెద్ద ఇబ్బంది ఊపిరి. దాని ఇంజన్లు డీజిలువి. డీజిలు మండాలంటే గాలి కావాలి, నీటి అడుగున గాలి ఉండదు. కాబట్టి మునిగి ఉన్నంతసేపూ అది బ్యాటరీల మీదనే నడవాలి. మెల్లగా పోతే కొద్ది రోజులు, వేగంగా పోతే కొద్ది గంటలు. ఆ తరవాత పైకి వచ్చో, గొట్టం ఒకటి నీటిపైకి చాచో, ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకోవాలి. శత్రువు కంటబడేది ఆ సమయంలోనే. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ జలాంతర్గాములు ఇలాగే బతికాయి, చాలా భాగం ఇలాగే చచ్చాయి.

ఈ కట్టును తెంచింది అమెరికా వారి నాటిలస్. నౌకాదళ అధికారి హైమన్ రికోవర్ పట్టుబట్టి తయారుచేయించిన ఆ నౌక 1955 జనవరి 17న అణుశక్తితో కదిలింది. యురేనియం అణువులు చీలితే వేడి పుడుతుంది, ఆ వేడికి నీరు ఆవిరి అవుతుంది, ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది. ఇందులో గాలి ప్రమేయం లేదు. సిబ్బందికి కావలసిన ఆక్సిజన్‌ను, మంచినీటిని సముద్రపు నీటి నుంచే తీసుకోవచ్చు. 1958 ఆగస్టు 3న నాటిలస్ మంచుగడ్డల కిందుగా ఉత్తర ధ్రువాన్ని దాటిపోయింది. అప్పటినుంచి జలాంతర్గామి నీటిలో ఎన్నాళ్ళు ఉండగలదన్నది ఇంజను చేతిలో లేదు. వంటశాలలో బియ్యం, పిండి ఎన్నాళ్ళు వస్తాయి, మనుషుల మనసు ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్నదే లెక్క.

ఇంతవరకు ఇది ఇంజనీర్ల కథ. ఇక్కడి నుంచి రాజుల కథ, మంత్రుల కథ అవుతుంది.

ఇంగ్లీషులో డిటరెన్స్ అంటారు. పత్రికల్లో దీన్ని నిరోధం అని రాస్తున్నారు. నా మట్టుకు నాకు వెరపు అన్న పాత మాటే దీనికి దగ్గరగా తోస్తుంది. నువ్వు కొడితే నేనూ కొట్టగలను అని ఎదుటివాడికి తెలిసి ఉండటం వల్ల వాడు చెయ్యెత్తకపోవడం. అయితే అణ్వస్త్రాల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. వాడి మొదటి దెబ్బకే నా చెయ్యి విరిగిపోయేటట్లుంటే నేను తిరిగి కొట్టేదెలా? అందువల్ల దెబ్బ తిన్న తరవాత కూడా కొట్టగలను అని చూపించుకోవాలి. అప్పుడే ఆ వెరపు నిలుస్తుంది.

1950ల చివర్లో అమెరికా, సోవియట్ యూనియన్ రెండింటికీ ఉన్న భయం ఇదే. బాంబర్లు విమానాశ్రయాల్లో వరసగా నిలబడి ఉండేవి. క్షిపణులు నేలమీద, పటంలో గుర్తు పెట్టగలిగిన చోట్ల ఉండేవి. ఖండాంతర క్షిపణి ఒక దేశం నుంచి మరొక దేశానికి చేరడానికి అరగంట పడుతుంది. వస్తున్నదని రాడారు చెబితే, అది నిజమో కాదో తేల్చుకుని, మన క్షిపణులు నేలకూలే లోపల వదలాలా వద్దా అని నిర్ణయించడానికి మిగిలేవి కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో ఎంత పొరపాటు జరగవచ్చో 1960 అక్టోబరు 5న కనిపించింది. గ్రీన్‌లాండ్‌లోని థూలే దగ్గర అమెరికా పెట్టిన కొత్త రాడారు, క్షిపణులు గుంపుగా వస్తున్నాయని హెచ్చరిక పంపింది. ఆ రాడారు పట్టింది నార్వే వైపు ఉదయిస్తున్న చంద్రుణ్ణి. చంద్రుడి నుంచి కూడా ప్రతిధ్వని వస్తుందని ఆ యంత్రానికి ఎవరూ నేర్పలేదు. కంగారు పడకుండా ఆలోచించినవారు ఉండబట్టి సరిపోయింది.

సరిగ్గా 41 రోజులకు, 1960 నవంబరు 15న, జార్జి వాషింగ్టన్ అనే జలాంతర్గామి అమెరికా తూర్పు తీరంలోని చార్ల్‌స్టన్ నుంచి బయలుదేరి నీటిలో మునిగింది. మళ్ళీ పైకి వచ్చేసరికి 1961 జనవరి 21. ఈ మధ్య 66 రోజులు అది ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు. దాని కడుపులో 16 పొలారిస్ క్షిపణులు, ఒక్కొక్కటి 2,200 కిలోమీటర్లు పోగలవి.

ఈ నౌక పుట్టుక చిత్రమైనది. సోవియట్ వారు ఈ దారిలో ముందే అడుగు పెట్టారు. 1955 సెప్టెంబరులోనే శ్వేత సముద్రంలో ఒక జలాంతర్గామి నుంచి క్షిపణిని వదిలారు. కాని వదలడానికి నౌక నీటిపైకి రావాలి, క్షిపణిలో ద్రవ ఇంధనం. అమెరికా నౌకాదళానికి ద్రవ ఇంధనమంటే హడలు. నౌకలో అది ఒలికితే అగ్గి. ఘన ఇంధనంతో చేద్దామంటే అప్పటి బాంబు బరువుకు క్షిపణి మరీ భారీగా వచ్చేది. కొన్నేళ్ళలో చిన్న బాంబు తయారవుతుందని 1956 వేసవిలో ఎడ్వర్డ్ టెల్లర్ అనే శాస్త్రవేత్త భరోసా ఇచ్చాక పని ఊపందుకుంది. అడ్మిరల్ రేబోర్న్ అనే ఆయన చేతికి పగ్గాలిచ్చారు. కొత్త నౌకను మొదటి నుంచీ కట్టే ఓపిక లేక, గ్రాటన్ నౌకా కేంద్రంలో సగం తయారైన ఒక మామూలు అణు జలాంతర్గామిని నడిమికి కోసి, 130 అడుగుల ముక్కను మధ్యలో అతికించి, అందులో క్షిపణుల గొట్టాలు దింపారు. చాలని చొక్కాకు నడుమున గుడ్డ వేసి కుట్టినట్టు. 1960 జూలై 20న నీటిలో మునిగి ఉండే రెండు క్షిపణులను వదిలారు. గొట్టంలోంచి గాలి ఒత్తిడితో క్షిపణి పైకి తన్నుకు వస్తుంది, నీటిని దాటాక దాని ఇంజను అంటుకుంటుంది.

ఈ సందర్భంగానే ఒక మాట. నీటి అడుగున ఉన్నవాడికి తాను ఎక్కడున్నాడో ఖచ్చితంగా తెలియకపోతే గురి కుదరదు. అందుకోసం అమెరికా నౌకాదళం 1960 నుంచి ట్రాన్సిట్ అనే ఉపగ్రహాలను పంపింది. ఈనాడు మీ సెల్‌ఫోనులో ఊరికి దారి చూపించే ఏర్పాటుకు అది తాత వరస.

1967 నాటికి అమెరికా దగ్గర ఇలాంటివి 41 అయ్యాయి. ఒక్కొక్క నౌకకు రెండేసి సిబ్బంది జట్లు. ఒక జట్టు తిరిగి రాగానే రెండో జట్టు ఎక్కేది, నౌకకు విశ్రాంతి లేదు. సోవియట్ వారు, బ్రిటిష్ వారు, ఫ్రెంచి వారు, తరవాత చైనా వారు తమతమ నౌకలు కట్టుకున్నారు.

వీటి వల్ల ఒరిగిందేమిటంటే ఆగగలగడం. నా దృష్టిలో ఈ నౌక గొప్పతనం దాని బాంబుల్లో లేదు, అది పాలకుడికి ఇచ్చే వ్యవధిలో ఉంది. చంద్రోదయాన్ని చూసి రాడారు అరిచినా, నేలమీది అస్త్రాలన్నీ పోతాయన్న భయం పట్టుకున్నా, సముద్రంలో ఒక నౌక మిగిలే ఉందన్న ధైర్యంతో, నిజమేమిటో తేలేదాకా ఆగవచ్చు. తొందరపడనవసరం లేదు.

అయితే ఆ వ్యవధికి మూల్యం ఎవరు చెల్లిస్తారు?

1961 జూలై 4. ఉత్తర అట్లాంటిక్‌లో కె-19 అనే సోవియట్ అణు క్షిపణి జలాంతర్గామి. రియాక్టరును చల్లబరిచే నీటి గొట్టం పగిలింది. ప్రత్యామ్నాయ ఏర్పాటు లేదు. వేడి పెరుగుతున్నది. సిబ్బందిలో కొందరు వంతులవారీగా రియాక్టరు గదిలోకి పోయి, గొట్టాలు అతికి, నీరు పారించారు. నౌక దక్కింది. లోపలికి పోయినవారిలో ఎనిమిది మంది మూడు వారాల లోపే రేడియేషన్ సోకి చనిపోయారు. ఆ నౌకలో కెప్టెను తరవాతి స్థానంలో ఉన్న అధికారి వాసిలీ ఆర్ఖిపోవ్. ఆయన పేరు గుర్తు పెట్టుకోండి.

మరుసటి ఏడు అక్టోబరు. క్యూబా సంక్షోభం. సోవియట్ యూనియన్ నుంచి నాలుగు డీజిలు జలాంతర్గాములు క్యూబా వైపు బయలుదేరాయి. ఒక్కొక్క దానిలో ఒక అణు టార్పిడో. వాటిలో బి-59 అనేది సరిగ్గా మన కుర్సురా తరగతిదే. కుర్సురాలో మీరు నడిచిన ఆ ఇరుకు దారి, ఆ గుండ్రని తలుపులు, అలాంటి నౌకే. అక్టోబరు 27న అమెరికా యుద్ధనౌకలు దాన్ని చుట్టుముట్టి, పైకి రమ్మని చెప్పడానికి చిన్న పేలుడు గుళ్ళు నీటిలో వేశాయి. లోపలివారికి అవి సంజ్ఞలని తెలియలేదు. బ్యాటరీలు అడుగంటాయి, గాలి చెడింది, కొన్ని గదుల్లో వేడి 45 డిగ్రీలు దాటింది, మనుషులు స్పృహ తప్పి పడిపోతున్నారు. లోతున ఉండటం వల్ల మాస్కో మాట వినపడదు. పైన యుద్ధం మొదలైందో లేదో తెలియదు. ఆ నౌకలో ఉన్న ఒక అధికారి తరవాత చెప్పిన ప్రకారం, కెప్టెను సవిత్‌స్కీ అణు టార్పిడోను సిద్ధం చేయమన్నాడు. ఆ నౌకల దండుకు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా అందులో ప్రయాణిస్తున్న ఆర్ఖిపోవ్ ఒప్పుకోలేదు. నచ్చజెప్పాడు. నౌక పైకి వచ్చింది. కె-19 గదిలోకి పోయినవారి చావు కళ్ళారా చూసిన మనిషి ఆయన. ఈ సంగతి లోకానికి 2002 దాకా సరిగా తెలియలేదు, అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు.

బి-59 అణుశక్తితో నడిచేది కాదు, ఖండాలు దాటే క్షిపణులు మోసేదీ కాదు. అయినా ఈ కథ ఇక్కడ ఎందుకు చెప్పానంటే, నీటి అడుగున మౌనంగా ఉన్న నౌక అస్త్రం మీద చెయ్యి ఎవరిది అన్న ప్రశ్న అక్కడ మొదలైంది కాబట్టి. దేశాలు దీనికి తలొక జవాబు వెతుక్కున్నాయి. బ్రిటిష్ వారి పద్ధతి వింటే ఆశ్చర్యం కలుగుతుంది. 1969 నుంచి వారి నౌక ఏదో ఒకటి ఎల్లప్పుడూ నీటిలో ఉంటుంది. కొత్త ప్రధాని పదవిలోకి రాగానే నాలుగు నౌకలకు నాలుగు ఉత్తరాలు తన చేత్తో రాస్తారు. లండన్ నాశనమై, ఆజ్ఞ ఇచ్చేవారెవరూ మిగలకపోతే ఏం చేయాలో అందులో ఉంటుంది. ఉత్తరం ఇనప్పెట్టెలో పెడతారు. ఆ ప్రధాని పదవి దిగిపోతే విప్పకుండానే తగలబెడతారు. ఎవరు ఏం రాశారో ఇంతవరకు బయటికి రాలేదు.

ఇక మన సంగతి. 1971 డిసెంబరు 3 రాత్రి, తెల్లవారితే 4, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది. ఆ నెలలోనే అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చింది. సముద్రం వైపు నుంచి కూడా మెడ మీద కత్తి పెట్టవచ్చునని ఢిల్లీకి అర్థమైన సంవత్సరం అది. 1974లో పోఖ్రాన్ పేలుడు జరిగింది. అణు జలాంతర్గామి కోసం ప్రయత్నాలు చాలాకాలం తడబడ్డాయి. 1988లో సోవియట్ యూనియన్ నుంచి మూడేళ్ళ అద్దెకు ఒక అణు జలాంతర్గామి విశాఖకు వచ్చింది. దానికి చక్ర అని పేరు పెట్టారు. ప్రధాని రాజీవ్ గాంధీ స్వయంగా వచ్చి స్వాగతం చెప్పారు. అందులో అణ్వస్త్రాలు లేవు. మనవారు రియాక్టరు నడపడం నేర్చుకున్నారు, 1991లో తిరిగి ఇచ్చేశారు.

సొంత నౌక పని మాత్రం గుట్టుగా సాగింది. సరిహద్దులకు అటూ ఇటూ ఉన్న మనకు ఇందులో చాలా చోట్లు ఎరుకే. శుద్ధి చేసిన యురేనియం మైసూరు దగ్గర రట్టెహళ్ళిలో. రియాక్టరు నమూనా తమిళనాడు తీరాన కల్పాక్కంలో, నేలమీదనే నౌక ముక్క ఒకటి కట్టి, 2003 నుంచి నడిపి చూశారు. నౌక కూర్పు విశాఖలో, కప్పు కింద, ఎవరి కంటా పడకుండా. 2009 జూలై 26న, కార్గిల్ విజయానికి పదేళ్ళు నిండిన రోజున, ప్రధాని మన్మోహన్ సింగ్ సతీమణి గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టి దాన్ని నీటిలోకి పంపారు. పేరు అరిహంత్. శత్రువులను చంపేవాడని అర్థం. జైనులు ఈ మాటను లోపలి శత్రువులను, అంటే కోపతాపాలను జయించినవాడికి వాడతారు. ఏ అర్థం తీసుకున్నా నౌకకు సరిపోయింది.

నీటిలోకి పంపినంత మాత్రాన నౌక నౌక కాదు. 83 మెగావాట్ల రియాక్టరు రగులుకున్నది 2013 ఆగస్టులో. రేవు దాటింది 2014 డిసెంబరులో. 2016లో చడీచప్పుడు లేకుండా నౌకాదళంలో చేరింది. మొదటి కాపలా ముగించి వచ్చిందని ప్రధాని నరేంద్ర మోదీ ప్రకటించింది 2018 నవంబరు 5న. రెండోది అరిఘాత్, 2024 ఆగస్టు 29న విశాఖలోనే చేరింది.

మనకు ఇది ఎందుకు అన్నదానికి జవాబు 2003 జనవరి 4న ప్రభుత్వం ప్రకటించిన అణు విధానంలో ఉంది. మనం ముందుగా అణ్వస్త్రం వాడము, మన మీద వాడితేనే తిరిగి వాడతాము అని అందులో చెప్పుకున్నాము. ముందు కొట్టనని మాట ఇచ్చినవాడు మొదటి దెబ్బ తినడానికి సిద్ధపడాలి. ఆ దెబ్బ తరవాత మిగిలేది ఏమిటి? నేలమీదివి మిగులుతాయో లేదో. నీటిలోది మిగులుతుంది. ఆ మాట నిలబడేది ఈ నౌక మీదనే.

అయితే లెక్క చూడండి. అరిహంత్ మొదట మోసిన కె-15 క్షిపణి 750 కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి ఇస్లామాబాద్‌కు గాలిదారిన సుమారు 2,000 కిలోమీటర్లు, బీజింగ్‌కు దాదాపు 4,000. అంటే మన ఇంటి సముద్రంలో దాక్కుని కూర్చుంటే ఆ క్షిపణి ఎవరినీ బెదిరించలేదు. నౌక పరాయి తీరాల దగ్గరకు పోవాలి, పోతే దొరికిపోయే ప్రమాదం. అందుకే 3,500 కిలోమీటర్లు పోయే కె-4 కోసం అంత తాపత్రయం. 2024 నవంబరులో అరిఘాత్ నుంచి దాన్ని పరీక్షించారు. దానితో బంగాళాఖాతమే దాగుడు చోటు అవుతుంది. ఇచ్ఛాపురం దాటి గోపాలపురం, పూరీ ఒడ్డుల్లో మన తెలుగు నోలియాలు వలలు వేసే సముద్రం అది. క్షిపణి పరీక్షల రోజుల్లో ఫలానా హద్దుల్లోకి పోవద్దని నౌకలకూ విమానాలకూ ముందుగా హెచ్చరిక ఇస్తారు. మిగతా రోజుల్లో, పడవ కింద ఏముందో తెలిసే అవకాశం లేదు, తెలియకూడదు కూడా.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది క్షిపణి దూరం కంటే ఆజ్ఞ దూరం. నేలమీద మన దేశం అణుబాంబును ఒక చోట, క్షిపణిని ఒక చోట విడివిడిగా ఉంచే అలవాటు పాటిస్తూ వచ్చిందని రక్షణ వ్యవహారాల పండితులు చాలాకాలంగా రాస్తున్నారు. అగ్గిపుల్లను ఒక గదిలో, పెట్టెను మరొక గదిలో దాచినట్టు. పొరపాటుకు అది పెద్ద అడ్డు. కాపలాకు పోయే నౌకలో రెండూ ఒక్క చోటే ఉండాలి. వాడమని చెప్పే అధికారం ప్రధాని అధ్యక్షతన ఉన్న రాజకీయ మండలిదే అని 2003 ప్రకటన స్పష్టంగా చెప్పింది. ఆ ఆజ్ఞ నీటి అడుగుకు చేరాలి కదా!

ఈ ప్రసంగాన్ని మీ ఇంటికి తెస్తున్న రేడియో తరంగం ఉప్పునీటిలో ఒకటి రెండు మూరలు పోయేసరికి చచ్చిపోతుంది. బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు మాత్రమే పది, ఇరవై మీటర్ల లోతుకు దిగుతాయి. నౌక ఒక తీగను తోకలాగా వెనక ఈడ్చుకుంటూ వాటిని వింటుంది. మాటలు వినపడవు, సంకేతాలు మెల్లమెల్లగా వస్తాయి. నౌక జవాబు ఇవ్వదు. జవాబిస్తే చోటు తెలిసిపోతుంది. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర విజయనారాయణంలో 1990 నుంచి ఇలాంటి కేంద్రం ఉంది, నాలుగు వందల మీటర్లు దాటిన స్తంభాలతో.

రెండో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. తెలంగాణలో, కర్ణాటక సరిహద్దును ఆనుకున్న వికారాబాద్ జిల్లాలో, దామగుండం అడవిలో. సుమారు 2,900 ఎకరాలు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఊళ్ళవారు, మూసీ నది పుట్టే కొండల దగ్గర చెట్లు కొడితే నీరు ఏమవుతుందని అడిగారు, సభలు పెట్టారు, కోర్టుకు వెళ్ళారు. అడవిలో ఉన్న రామలింగేశ్వర స్వామి గుడికి దారి మూసుకుపోతుందేమోనని భయపడ్డారు. గుడికి దారి ఉంటుందని, కొట్టిన చెట్లకు బదులు చెట్లు నాటుతామని అధికారులు చెప్పారు. దేశ రక్షణ అన్న మాట పలికితే ఎదురు ప్రశ్న వేయడం తప్పన్నట్టు కొందరు మాట్లాడారు. అది నాకు సరిగా తోచలేదు. తమ అడవి దేనికి ఇస్తున్నారో, అక్కడి నుంచి పోయే సంకేతం ఎవరికి పోతుందో ఆ ఊళ్ళవారికి వివరంగా చెప్పడం వల్ల ఏ రహస్యమూ బయటపడదు. నౌక ఎక్కడ ఉన్నదో వారు అడగలేదు.